నాలుక చూపించమన్న డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారన్న కబురు ఆసుపత్రికి చేరేసరికే మా అమ్మ ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కేసింది. ఆ రోజు అమ్మకు ఏటా చేసే కడుపు పరీక్ష. తెల్లవారుజామున డాక్టరమ్మకు గుండె ఆగిపోయిందట. ఎండోస్కోపీ గదిలో అన్నీ సర్దిపెట్టుకుని, ఆమె వచ్చి "అంతా రెడీనాప్పా?" అని అడగడం కోసం చూస్తున్న నాకు ఆ మాట చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు.

నేను ఆమె దగ్గర టెక్నీషియన్‌ని. ఆమె నోటికి జడవని మనిషిని నేను చూడలేదు. ఎంత పెద్దమనిషి వచ్చినా మొదటి మాట ఒకటే: "నోరు తెరువు. నాలిక చూపీ." మా సీమవాళ్లకు వక్కాకు, అంటే ఆకూవక్కా, తిండి కింద లెక్క కాదు మరి. పరగడుపున రమ్మంటే అన్నం మానేస్తారు, టీ కూడా మానేస్తారు. బస్సులో మాత్రం దవడన వక్కాకు పెట్టుకుని వస్తారు. ఈ నాలుక చూసే అలవాటు ఆమెకు మా అమ్మతోనే మొదలైంది.

అప్పట్లో కొత్త ఎండోస్కోపు ఒకదాన్ని, వాడి చూడమని, అమ్మేవాళ్లు కొన్నాళ్లు మా గదిలో పెట్టి వెళ్లారు. పాతదానిలో ఒక్క తెల్లవెలుగే. కొత్తదానిలో మీట నొక్కితే నీలివెలుగు కూడా వస్తుంది. ఆ వెలుగులో కడుపు పైపొరలోని సన్నటి రక్తనాళాలు గోధుమరంగులో తేలి కనిపిస్తాయి. జబ్బు ముదరకముందే, ఆ నాళాల అల్లిక చెదిరిన చోటు పట్టుకోవచ్చు. అయితే దూరం నుంచి చూస్తే నీలివెలుగులో అంతా మసక. రోజూ రెండింటినీ పోల్చి చూసి, చివరికి ఆమె తేల్చింది ఇదీ: "ముందు తెల్లదాంట్లో ఇల్లంతా తిరగాల. అనుమానమొచ్చిన మూలలోనే నీలిది ఏయాల."

ఆ రోజుల్లోనే కడుపులో మంట అంటూ అమ్మ వచ్చింది. గొట్టం లోపలికి వెళ్లగానే తెర మీద ఎటు చూసినా ఎరుపే. మీట నొక్కితే ఆ ఎరుపంతా నల్లబడింది. డాక్టరమ్మ గొట్టం బయటికి తీసేశారు.

"ఏమ్మా, వక్కాకు తిన్యావా?"

"తిన్లేదుమా. ఊరికే నముల్తా వస్తి."

"నువ్వు నమిలినాక పాతదైతే ఏంది, కొత్తదైతే ఏంది! పో, రేపు ఉత్త కడుపుతో రా."

అమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "అంతమందిలో నన్ను తిట్టె. మళ్లా ఆ గడప తొక్కితే ఒట్టు" అని బస్సెక్కింది. నేనూ వెంట వెళ్లి రాత్రంతా బతిమాలాను. వినలేదు.

మర్నాడు మా వీధిలో శిల్పుల ఉలి చప్పుడు ఇంకా మొదలుకాకముందే డాక్టరమ్మ కారు మా ఇంటి ముందు ఆగింది. అమ్మ బిత్తరపోయి కాఫీ పెట్టబోయింది.

"వద్దు. నీ కడుపు చూసినాక ఇద్దరం తాగుదాం. ఆ వక్కాకు సంచి ఇట్ల తే."

సంచి తీసుకుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

"నీకెందుకుమా ఇంత పట్టుదల?" అంది అమ్మ.

"నిన్న నాకేమీ కనపల్యా. ఏమీ లేదని రాసేకి మనసు రాలా."

ఆ రోజు తెల్లవెలుగులో గోరంత చోటు కాస్త పాలిపోయినట్టు ఉంది. నేనైతే దాటిపోయేవాణ్ణి. ఆమె అక్కడే ఆగి, నీళ్లతో కడిగి, మీట నొక్కారు. చుట్టూ సన్నటి వల, ఆ గోరంత చోట మాత్రం చిందరవందర. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరే అని వచ్చింది, ఇంకా పైపొరలోనే ఉందట. హైదరాబాదులో పొట్ట కోయకుండా గొట్టంతోనే తీసేశారు. కొత్తది కొంటారా అని అమ్మేవాళ్లు అడిగితే, "కొంటామప్పా, బాగుండాది. కానీ మావాళ్ల వక్కాకు ముందర ఏ మిషనూ నిలబడదు" అని నవ్వారు.

అప్పట్నుంచి ఏటా అదే తంతు. అమ్మ నాలుక చూపించడం, సంచి డాక్టరమ్మ సొరుగులోకి పోవడం, పరీక్ష అయ్యాక ఇద్దరూ క్యాంటీన్ కాఫీ తాగడం. అంతవరకూ ఆమె కూడా మంచినీళ్లు ముట్టేవారు కాదు. మా అమ్మను నాకు దక్కించిన మనిషి ఆమె. ఇక ఆ గదిలో అడుగుపెట్టాలంటేనే నాకు దిగులుగా ఉంది.

డాక్టరమ్మ పోయిన ఆ రోజు నంద్యాల బస్టాండులో అమ్మకు విషయం చెప్పాను. కాఫీ అయినా తాగమంటే తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ ఇంటి వరండాలో గాజుపెట్టె చుట్టూ జనం. అమ్మ వాళ్లను తప్పించుకుని వెళ్లి, వక్కాకు సంచి తీసి పెట్టె మీద పెట్టింది. డాక్టరమ్మ ముఖం మీదికి వంగింది.

"చూడుమా, ఏమీ నమల్లా" అంటూ నోరు తెరిచి నాలుక చాపింది.

అమ్మ ఊపిరికి గాజు మీద ఆవిరి పట్టింది. కొంగుతో తుడిచి, మళ్లీ చూపించింది.