ఎవరూ గీయని అల

ఈ బరువు మోస్తూనే ముసలిదాన్నయ్యాను. మాట మీద నిలబడే మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు చాటునే ఒకరికి అన్యాయం చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను పెనుకొండ పిల్లను. ధర్మవరంలో మగ్గమున్న ఇంటికి కోడలిగా వచ్చాను. మరిది చీర అంచులకు బొమ్మలు గీసేవాడు. అతను తెల్లకాగితం మీద చెయ్యి ఎత్తకుండా తీగ గీస్తే, దాన్ని గళ్ళ కాగితం మీదికి చుక్కలుగా దించడం నా పని. వరసకొక చుక్క, గీత ఏ గడిలో పోతే ఆ గడిలో. ఆ చుక్కలు చూసే మా ఆయన నేసేవాడు. గీతకు తెగడమన్నది లేదు, చుక్కలన్నీ తెగినవే. అయినా నేసి చూస్తే అదే తీగ. ప్రతిసారీ నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఒకసారి హిందూపురం షావుకారు పెళ్ళిచీర నేయమన్నాడు. మరిది పెద్ద తీగ పక్కన సన్నటి అలలు గీశాడు, దగ్గరదగ్గరగా, గిన్నెలో నీళ్ళు వణికినట్టు. అన్ని చుక్కలకూ దీపం చాలాసేపు వెలగాలి. కిరసనాయిలు దండగనిపించింది. వరస విడిచి వరసకు చుక్క పెట్టి, నడుమ అంచనాతో కలిపాను. ఏం పోతుందిలే అనుకున్నాను.

పెద్ద తీగ చక్కగానే వచ్చింది. సన్న అలలు లేవు. వాటి చోట ఒక పెద్ద అల, సోమరిగా, అంచు పొడవునా సాగింది. ఎక్కడా చెదరలేదు. కాగితంలో లేని అల పట్టులోకి ఎలా వచ్చింది? భయమేసింది. చేతులెత్తి మొక్కాలని కూడా అనిపించింది.

షావుకారు చీర వద్దన్నాడు. మరిది అంచు తడుముతూ అడిగాడు.

"ఇది యాడ్నుంచి వచ్చిండాది వదినా? అన్ని చుక్కలూ పెట్టినావు గదా?"

"ఒక్కటీ ఇడిసిపెట్టలేదబ్బా. నా పనికే వంక పెడతాండావా?"

"నిన్నంటానా? బియ్యంలో రాయి వదలవు, చుక్క వదుల్తావా. నా గీతే మగ్గానికి పనికిరాదు."

గళ్ళ కాగితం పొయ్యిలో పెట్టాను. అతను గీయడం మానేసి, హిందూపురం బెల్లం మండీలో తూకం పనికి కుదిరాడు. ఇప్పుడు లేడు. ఒప్పుకోవడానికి నాకు ఎన్ని పొద్దులు దొరకలేదు? మాట పోతుందనే కదా నోరు మూసుకున్నది?

మొన్న మనవరాలు తన చదువు గురించి చెప్పింది. మనిషి గొంతును కూడా చుక్కలుగా తీసి కంప్యూటర్లో దాస్తారట. చుక్కలు చాలినంత దగ్గరగా ఉంటే గొంతు రవ్వంత పోకుండా తిరిగొస్తుందట. ఎడం పెడితే లేని స్వరం పుడుతుందట. అయితే నేను అన్ని చుక్కలూ పెట్టుంటే అతని అలలు పట్టులోకి వచ్చేవే. అతని చేతిలో లోపం లేదు.

ఈ మాట అతనికి అందదు. క్షమించమని ఎవరినీ అడగను. చుక్కలు వదిలింది నేను. ఇన్నేళ్ళకు రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.