పెద్దమ్మ పొయ్యెక్కిన టమాటా

మొన్న వైశాలి నగర్‌లోని మా ఇంట్లో మనవరాలు వంటింట్లోంచి కేకేసింది. "తాతయ్యా, టమాటర్ ఖతమ్! ఇప్పుడు కూరేటి వండను?" బుట్టలో వంకాయలున్నాయి, బెండకాయలున్నాయి, బంగాళాదుంపలున్నాయి. అయినా ఆ పిల్ల కంటికి వంటిల్లు ఖాళీగానే కనబడింది. నాకు నవ్వొచ్చింది. ఆ పండు మా గడప దాటడానికి ఒకప్పుడు ఎంత యుద్ధం జరిగిందో దానికేం తెలుసు!

అవి అరవైల తొలి రోజులు. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో నాకు కొత్త ఉద్యోగం, టౌన్‌షిప్‌లోని మరోదా పేటలో రెండు గదుల క్వార్టరు. తల్లి లేని నన్ను పెంచిన పెద్దమ్మ, నాకు వండి పెట్టడానికి విజయనగరం దగ్గరి పల్లె వదిలి, ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చింది. నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతాదంతా టౌన్‌షిప్ గ్రంథాలయంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని నాకు నేనుగా నేర్చుకున్నది. షిఫ్టు దిగాక మసి చేతులు రెండుసార్లు తోముకుంటే గాని అక్కడి పుస్తకం ముట్టేవాణ్ణి కాను.

పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ ఇచ్చిన నారు పెరట్లో, స్నానాల నీళ్ళు పారేచోట నాటాను. ఆవిడ దాన్ని పతాల్ అనేది. చలి మొదలయ్యేసరికి గుత్తులు గుత్తులుగా కాసింది. మొదటి పండు కోసి ముక్కలు చేసి చూపిస్తే పెద్దమ్మ ముక్కు మూసుకుంది. "ఛీ, ఏటిరా ఇది? మాంసం ముక్కలాగుంది. ఏ దేశందో ఏటో! ఈ మొక్కలుంటాయో నానుంటానో తేల్చుకో."

ఉత్త బెదిరింపు కాదు. మంచం కింది ట్రంకుపెట్టె బయటికొచ్చింది. పెద్దమ్మ వెళ్ళిపోతే ఆ ఊళ్ళో నాకు క్వార్టరు మిగులుతుంది గాని ఇల్లు మిగలదు. మొక్కలు పీకేస్తే సరిపోయేది. కాని అప్పటికే ఆ పండు కథంతా చదివేసి ఉన్నాను, చదివినవాడు ఊరుకుంటాడా! ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతుంటే పక్కన చతికిలబడి మొదలెట్టాను. దక్షిణ అమెరికా కొండల్లో గోలీకాయలంత పండుగా పుట్టడం, మెక్సికోవాళ్ళు సాగుచేసి పెద్దది చేయడం, స్పెయిన్‌వాళ్ళు ఓడల్లో పట్టుకుపోవడం, ఐరోపాలో చాలామంది విషమని జడిసి అందానికి మాత్రమే తోటల్లో పెంచుకోవడం, చివరికి పోర్చుగీసువాళ్ళ వెంట మన రేవుల్లో దిగడం.

"సూశావా, ఆళ్ళే జడిశారు" అంది పెద్దమ్మ.

అప్పుడు తీశాను బ్రహ్మాస్త్రం. "మరి మిరపకాయ మాటేటి? అదీ ఆ వైపుదే, ఆ ఓడల్లోనే వచ్చింది."

గెలిచాననుకున్నాను. పెద్దమ్మ లేచి, ఎండుమిరపకాయల డబ్బా, ఆవకాయ జాడీ పట్టుకెళ్ళి వెనక గట్టు మీద పెట్టేసింది. "అయితే అదీ బయటికే." ఆ పూట నుంచి మిరియాల చారు, మిరియాల పప్పు, మిరియాల వంకాయ. ఫర్నేసు దగ్గర చెమటోడ్చి వచ్చి ఆ చప్పిడి మెతుకులు మింగుతుంటే, చదువుకీ ఇంత శిక్ష ఉంటుందా అనిపించేది. ఆవిడా తినలేదు. కంచంలో వేలితో గీతలు గీసి లేచిపోయేది. ట్రంకుపెట్టె ఇంకా గోడవారనే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని, జాడీకి కట్టిన గుడ్డ సర్దుతూ అడిగింది. "ఒరే, ఈ మిరపకాయ మనకాడికొచ్చి ఎన్నాళ్ళయిందన్నావు?"

"నాలుగొందల ఏళ్ళ పైమాటే, పెద్దమ్మా."

"మా అమ్మమ్మ ఆవకాయ పెట్టింది. ఆళ్ళమ్మా పెట్టుంటాది." జాడీ మూత మీద చెయ్యి వేసింది. "అంటే ఎవుర్తో ఒకర్తి మొదట ధైర్యం చేసి పొయ్యెక్కించుంటాది. కాదేటి?"

"ఎక్కించే ఉంటాది."

"దానికున్న గుండె నాకు లేదేటి?"

అంతే. కొంగు దోపుకుని పెరట్లోకి దిగింది. పండినవన్నీ కోసింది. ఎండుమిరపకాయలు వేయించి, టమాటాలు మగ్గబెట్టి, రోట్లో నూరి, ఇంగువ తాలింపు పెట్టింది. వేడన్నంలో కలిపి మొదటి ముద్ద తనే తింది. కళ్ళు మూసుకుంది. "పాడుది, బాగుందిరా!" అని రెండో ముద్ద కలిపింది. ఆ సాయంత్రం ట్రంకుపెట్టె మంచం కిందికి వెళ్ళిపోయింది.

ఆ శీతకాలమంతా మా వరస ఇళ్ళకి పెద్దమ్మ గిన్నెలు నడిచాయి. వద్దు వద్దన్న తెలుగు ఇల్లాళ్ళను గోడ మీంచి గద్దించేది. నా గ్రంథాలయం చదువంతా తనదే అయినట్టు, కొత్తగా పట్టుబడ్డ హిందీలో "అమెరికా సే ఆయా, జహాజ్ మే ఆయా. డరో మత్, ఖావో!" అనేది, అమెరికా నుంచి ఓడలో వచ్చింది, జడవకుండా తినమని. దీదీ వేలితో నాకి చూసి "బఢియా దాయీ!" అని తన భాషలో మెచ్చుకుంటే, పతకం అందుకున్నట్టు నావైపు తిరిగి చూసేది.

పరాయి పండు మనదవడానికి వందల ఏళ్ళు పడుతుందని పుస్తకాలు చెబుతాయి. నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను, ఒక్క పొయ్యి అంటుకునేంతసేపు చాలు.