రాయికి పెట్టిన పేరు

పందొమ్మిది వందల ఇరవైలలో నేను అరకు కొండల్లో బాటల పనికి ఓవర్సీరుగా ఉండేవాణ్ణి. మా తొలి బిడ్డ అక్కడే పుట్టి, బారసాల కాకముందే మన్యం జ్వరంతో పోయింది. పేరైనా పెట్టని పసికందుకు మా ఇళ్ళల్లో కర్మలు లేవు. పాతిపెట్టి వచ్చాం. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నా డైరీలోనూ రాయలేదు.

మరుసటి ఏడాది మైదానానికి బదిలీ అయింది. బండి కట్టించిన ఉదయం నా భార్య ఇంట్లో లేదు. వెతుక్కుంటూ వెళితే రాగులు పండే చోడిచేను గట్టున, ఊరివాళ్ళు చనిపోయినవారికి నిలిపే రాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. పక్కన పొరుగింటి ముసలమ్మ ఉంది.

"బేగి రా, ఎండెక్కుతోంది," అన్నాను.

"మీరెళ్ళండి. నేను రాను."

ముసలమ్మ నన్ను వింతగా చూసింది. "ఏటి బాబూ, నీకు తెల్దా? ఆ సివర సిన్న రాయి మీ గుంటదే, ఆ పోయిన పసిదానిదే. మీ ఇంటమ్మ నా సేత నిలబెట్టించింది."

నా భార్య రోజూ అక్కడ గుప్పెడు సామన్నం పెడుతుంటే పిట్టలకేమో అనుకున్నాను.

"నేనెళ్ళిపోతే దీనికి ఎవరు పెడతారు?" అందామె.

"మావోళ్ళ మద్దెనే ఉన్నాది గదా. పంటొచ్చి కొత్తలు తిన్ననాడు మావోళ్ళకి పెట్టి, దీనికి మానేత్తామేటి? నువ్వెళ్ళు తల్లీ. నీ మొగుడు బెదిరిన ఎద్దులాగ నిలబడిపోనాడు, సూడు."

నా భార్య లేచింది. ముసలమ్మ రాయి మీద చెయ్యి వేసి, "మీ అమ్మ ఎల్తోంది," అంటూ బిడ్డను పేరుతో పిలిచింది. పేరు లేని రాయికి వాళ్ళు కూడు పెట్టరట. అందుకని నా భార్య పెట్టుకున్న పేరది. నా కూతురి పేరు నేను వినడం అదే మొదలు.