పోస్టాఫీసు మీద సుబ్బారెడ్డి అర్జీ

1956లో నేను మైదుకూరు దాటాక కర్నూలు రోడ్డు మీదుండే ఒక ఊళ్లో సబ్ పోస్టుమాస్టరుగా పనిచేసేవాణ్ణి. ముందుగది పోస్టాఫీసు, వెనకగది నా మకాం. నా భార్య ఉబ్బసంతో కర్నూల్లో పుట్టింట్లో ఉండేది. అక్కడికి ట్రాన్స్‌ఫర్ అడిగి, ఉత్తర్వు రేపోమాపో వస్తుందని ఎదురుచూస్తున్న రోజుల్లో సుబ్బారెడ్డి నాకు తగులుకున్నాడు.

ముప్పై ఏళ్ల రైతు. చెనిక్కాయ చేలు, పసుపు తోట ఉన్నాయి. రాకుమారుల కథలు రాసి మదరాసు పత్రికలకు బుక్‌పోస్టులో పంపేవాడు. బుక్‌పోస్టంటే చివర్లు అంటించకుండా తక్కువ ఖర్చుతో పంపే కట్ట. పంపిన వారానికే కౌంటరు దగ్గర నిలబడేవాడు.

"నా కథ యాడ పారేసినారు సార్?"

"మదరాసుకు పోయిందప్పా."

"పోయుంటే అచ్చు కాకుండా యాడుంటాది?"

ఆ ప్రశ్నకు ఏ పోస్టుమాస్టరు జవాబు చెప్పగలడు? రిజిస్టరు చేసుకోమన్నాను. చేశాడు. అందుకున్నట్టు పత్రికవాళ్లు సంతకం పెట్టిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సంతకం యవరన్నా పెట్టొచ్చు గదా" అన్నాడు. తిరుగు స్టాంపులు పెట్టకపోతే కథ వెనక్కి రాదని చెప్పాను. విననట్టే ఉండిపోయాడు. పెన్షన్ మనియార్డర్ల కోసం వచ్చిన ముసలివాళ్లంతా వెనక నిలబడి ఉంటే, ఈయన రాకుమారి అశోకవనంలో ఎందుకు మూర్ఛపోయిందో నాకు చదివి వినిపించేవాడు. ఆ వాక్యాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో నాకు ఒక్కనాడూ తెలియలేదు.

చివరికి కడపలో మా పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. పోస్టుమాస్టరు తన కథలు మాయం చేస్తున్నాడని. విచారణ తేలేదాకా నా ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ బస్సు దిగి వచ్చి రికార్డులన్నీ చూశాడు. తప్పేమీ లేదని తేల్చి, సంచిలోంచి అర్జీ తీశాడు.

"ఏమయ్యా, ఈ మనిషి కథలు రాస్తాడా? ఇది చదివి మా ఆఫీసంతా నవ్వుకున్నాం."

నేనూ చదివాను. "మా పోస్టుమాస్టరు కవరు మీద ముద్ర వేయడు, పాత పగ తీర్చుకున్నట్టు గుద్దుతాడు. నా కథలు ఆ గుద్దుకే చచ్చినాయని నా అనుమానం. ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకునేలోపల ఒక పెళ్లి చేసి భోజనాలు కూడా పెట్టొచ్చు." ఇలా రెండు పేజీలు. కోపంతో ఒళ్లు మండింది గానీ, ఒకచోట నవ్వు ఆపుకోలేకపోయాను.

మర్నాడు సుబ్బారెడ్డి వస్తే ముందుగది తలుపు దగ్గరికి వేశాను.

"పత్రికవాళ్లకు కథ నచ్చలేదని ఒప్పుకోవడానికి నీకేమప్పా కష్టం? నా భార్య అక్కడ, నేనిక్కడ. నీ రాకుమారి కోసం నన్ను ఈ ఊళ్లో పాతేస్తావా?"

తల వంచుకుని చెప్పాడు.

"మొదట్లో తిరుగు స్టాంపులు పెడతాంటి సార్. తిరిగొచ్చిన కథను పోస్టుమాన్ తెచ్చి అరుగు మీద మా నాయన చేతికిచ్చినాడు. నలుగురు రైతులు కూర్చోనుండారు. 'నా కొడుకు సేద్యం ఇడ్సిపెట్టి గెలికిన కాయితాలు మదరాసోళ్లకు గూడా వద్దంట' అని అందరికీ సదివి చెప్పినాడు. ఆ కథ పొయ్యిలోకి పోయింది. అప్పటినుంచి స్టాంపులు పెట్టలే. పోస్టులో పోయిందంటే మా నాయన ఊరుకుంటాడు. చెప్పీ చెప్పీ నాకూ అదే నిజమనిపించింది."

నాకు ఇంకా కోపం తగ్గలేదు. అయినా కౌంటరు మీదికి ఒక కవరు తోసి, "దీనిమీద నీ పేరు, కింద 'కేరాఫ్ పోస్టుమాస్టరు' అని రాసి, స్టాంపులంటించి కథతో పాటు పంపు. తిరిగొస్తే నా దగ్గరే ఉంటుంది. నువ్వొచ్చి తీసుకో" అన్నాను. అంతటితో ఆగకుండా, "రాకుమారిని వదిలిపెట్టి నన్ను తిట్టినట్టు రాయి. చదివేవాడికి కనీసం నవ్వొస్తుంది" అని కూడా అనేశాను.

దాన్ని అతను అక్షరాలా పాటించాడు. కొన్ని నెలలకు ఒక వారపత్రికలో మా పోస్టాఫీసు కథ అచ్చయింది. అందులో నేనే విదూషకుణ్ణి. స్టాంపుకొచ్చిన ప్రతివాడూ నా కళ్లజోడు వైపు చూసి నవ్వడమే. కర్నూలు నుంచి నా భార్య "ఆయన మిమ్మల్ని బాగా కనిపెట్టినాడు" అని రాసింది. నవ్వడానికి ఆవిడకు ఊపిరి చాలినందుకు సంతోషించాను, అంతే. సుబ్బారెడ్డి నాయన మాత్రం ఆ పత్రికను అరుగు మీద పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా చూపించాడట.

తర్వాతి కథ తిరిగొచ్చింది. ఒకసారి అచ్చులో పేరు చూసుకున్నవాడు, ఇప్పుడేం గొడవ చేస్తాడోనని బిగుసుకుని కూర్చున్నాను. కథతో పాటు పత్రికవాళ్లు పంపిన చీటీ చదివాడు. మొహం కాసేపు చిన్నబోయింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"శానా కష్టపడి రాస్తి సార్, ఇది" అన్నాడు. చేతిలోని కొత్త కట్ట చూపించి, "ఇంకొకటి తెచ్చినా. టపా కట్టేసినారా?"

"లేదు, ఇవ్వు" అన్నాను.

నా ట్రాన్స్‌ఫర్ ఆ ఎండాకాలంలో వచ్చింది. తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. ఈ వ్యవహారంలో నాకు తెలిసివచ్చింది ఒకటే. 'వద్దు' అన్న మాటను మనిషి తట్టుకోగలడు, అది అతని చేతికే చేరితే. నలుగురిలో చేరినా, అసలు చేరకపోయినా, ఆ మంట ఇంకెవరి మీదో పడుతుంది. ఆ ఊళ్లో ఆ ఇంకెవరో నేనయ్యాను.