కింది నుంచి చదివే హమీదా మేడం

అప్పుడే యంత్రంలోంచి బయటికొచ్చిన జిరాక్స్ కాగితానికి ఒక వాసన ఉంటుంది. ఇస్త్రీపెట్టె కింద కాస్త ఎక్కువసేపు ఉండిపోయిన చొక్కా వాసనలాంటిది. నా చదువంతా ఆ వాసనే. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు నన్ను బోర్డు దగ్గరికి రమ్మన్న రోజున నేను బడి గేటు వైపు నడిచాను, ఇప్పటిదాకా వెనక్కి రాలేదు. అయినా నల్లగొండలో పీజీ కాలేజీ ఎదురుగా షాపు పెట్టుకుని ఇన్నేళ్లు కూర్చున్నాను. కాలేజీకి ఇంత దగ్గరగా, చదువుకు ఇంత దూరంగా ఉన్న మనిషి జిల్లా మొత్తంలో నేనొక్కడినే అయి ఉంటాను. మొన్న పొద్దున ఒక రీసెర్చ్ విద్యార్థి ఏదో ఫెలోషిప్ నోటిఫికేషన్ ప్రింటు తీయమన్నాడు. తీసి, ఆ వెచ్చటి కాగితాలను చేతిలోకి తీసుకున్నానో లేదో, నా వేళ్లు వాటంతట అవే చివరి పేజీని పైకి తిప్పాయి. "అన్నా, మొదటి పేజీ అటుంది" అన్నాడతను. నాకు తెలుసు. కానీ నా వేళ్లకు అలా నేర్పింది హమీదా మేడం.

ఆమె మా ఎదురు కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ చూసేవారు. దేవరకొండ మనిషి. సన్నగా, పొట్టిగా, భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచితో, గాలి కాస్త గట్టిగా వీస్తే పట్టుకోవాలేమో అన్నట్టు ఉండేవారు. ఆమె ఉద్యోగం ఫైళ్లు పైకి పంపడం, పైనుంచి వచ్చినవి కిందికి పంచడం. అంతవరకే చేసి ఉంటే ఆమెను ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను షాపుకు "ఆన్‌లైన్ దరఖాస్తులు నింపబడును" అని బోర్డు తగిలించిన వారం రోజులకే ఆమె వచ్చి, ఆఫీసు తెరవక ముందు అరగంట నీ కంప్యూటరు నాకు కావాలన్నారు. అప్పటి నుంచి రోజూ ఆ అరగంట ఆమెదే. పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్పులు, పై దేశాలకు చదువుకు పోయేవాళ్లకు ప్రభుత్వం చేసే సాయం, ప్రాజెక్టుల్లో దొరికే కొలువులు, ఎక్కడో సదస్సులో పేపరు చదివిరావడానికి ఇచ్చే రైలు ఛార్జీలు, ఇవన్నీ ఎక్కడెక్కడ దాక్కుని ఉంటాయో వెతికి ప్రింటు తీయించుకునేవారు. మధ్యాహ్నానికి ఎవరికి చేరాల్సింది వాళ్లకు చేరేది. ఇదంతా మీకెందుకు మేడం, జీతం పెంచుతారా అని ఒకసారి అడిగాను.

"మన పిల్లలు తెలివి తక్కువై ఆగిపోతలేరు శ్రీశైలం. కబురు అందక ఆగిపోతున్నరు" అన్నారు.

ఆమె నోటిఫికేషన్‌ను చివరి పేజీ నుంచి చదివేవారు. చివరి పేజీ అయ్యాక దాని ముందు పేజీ, దాని తర్వాత ఇంకా ముందుది. నిలబడే చదివేవారు, కుర్చీ వేసినా కూర్చునేవారు కాదు. నాకు నోరు ఊరుకోదు కదా. "మేడం, ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతరని తెలుసు. కింది నుంచి పైకి గూడ చదువుతరా?" అన్నాను. నవ్వి, కాగితం నా ముందు పెట్టి, వేలు కింది వరుస మీద ఆనించారు. "ఇస్తమన్నది పైన పెద్ద అక్షరాలల్ల ఉంటది. ఎవరికియ్యరో కింద చిన్న అక్షరాలల్ల ఉంటది. మన పిల్లలు జారిపడేది కిందనే." వయసు, ఆదాయం, కులం పత్రం ఏ తేదీ తర్వాతిది అయి ఉండాలి, రిజిస్ట్రేషన్ అయి ఎన్నాళ్లలోపు పెట్టుకోవాలి, అన్నీ అక్కడే ఉండేవి. అర్హత ఉండి కూడా ఆ కింది వరుస చూడక పోగొట్టుకున్నవాళ్లను నేను ఎంతమందిని చూశానో, ఆమె వచ్చాకే నాకు తెలిసింది. అంతకుముందు వాళ్ల దగ్గర పైసలు తీసుకుని, ఆల్ ది బెస్ట్ చెప్పి పంపేవాణ్ని.

ఆమె చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ నమ్మశక్యం కానిది ఇంకొకటి ఉంది. ఫెలోషిప్‌కు పెట్టుకునే ప్రతి విద్యార్థీ తాను ఏం పరిశోధన చేయబోతున్నాడో ఒక పేజీలో రాయాలి. ఆ పేజీని ప్రొఫెసర్లకు చూపించే ముందు మేడం నా దగ్గరికి పంపేవారు. శ్రీశైలానికి చెప్పుండ్రి, వాడు అర్థమైందంటే అప్పుడు టైపు చేయించుండ్రి అని షరతు. మొదట్లో అది నన్ను ఆటపట్టించడానికని అనుకున్నాను. నేను మాత్రం తక్కువ తిన్నానా, వచ్చినవాణ్నల్లా ఆడుకునేవాణ్ని. జొన్నలకు పట్టే తెగులు మీద పరిశోధన చేసే ఒకతను పావుగంట ఇంగ్లీషులో చెప్పాక, ఇప్పుడు తెగులు నీకు పట్టిందా, జొన్నకు పట్టిందా అని అడిగాను. అతను కోపంగా వెళ్లిపోయి, మరునాడు వచ్చి మూడు మాటల్లో చెప్పాడు. మేడం ఆ మూడు మాటలే మొదటి వరుసలో రాయించారు. అలా నేను పాలమూరు నుంచి బొంబాయి పోయిన కూలీల కథ విన్నాను, రాతిగుట్టల వయసు విన్నాను, పాత దస్తావేజుల్లో ఊళ్ల పేర్లు ఎలా మారాయో విన్నాను. చదువంటే ఇలా ఉంటుందని తొమ్మిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే, ఆ రోజు గేటు వైపు కాస్త మెల్లగా నడిచి ఉండేవాణ్ని.

నారాయణపేట నుంచి భాగ్యలక్ష్మి అనే అమ్మాయి వచ్చింది. వాళ్ల నాయిన మగ్గం నేస్తాడు. ఆ అమ్మాయి చేస్తున్నది భూగర్భ జలాల మీద పీహెచ్‌డీ. మొదటిసారి ఆమె చెప్పింది విని, నాకే కాదు, నా షట్టర్‌కు కూడా అర్థం కాలేదమ్మా అన్నాను. కోపం తెచ్చుకోలేదు. బల్ల మీద నేను సగం తాగి పెట్టిన ఛాయ్ గ్లాసును ముందుకు లాగింది.

"చక్కెర ఎక్కువైన ఛాయ్‌ల ఇంకిన్ని పాలు పోస్తే తీపి తగ్గుతది గదన్నా. చక్కెర ఏడికి పోలే, అండ్లనే ఉంది. చెరువు నిండితే భూమిల ఫ్లోరైడ్ గూడ గట్లనే పలచనైతదా, అయితే ఎంత దూరం బాయి దాక అయితది, అది చూస్త."

మాది ఫ్లోరైడ్ నీళ్ల మర్రిగూడ వైపు ఊరు. మా అమ్మ నలభై ఏళ్లు నిండకుండానే మోకాళ్లు వంగి, నేల చూస్తూ నడిచింది. ఆ నీళ్లే తాగి పెరిగినవాణ్ని కాబట్టి ఆ గ్లాసు వైపు చూస్తూ, మా ఊరి బావి దాకా అవుతుందా అని అడిగాను. జోకు ఒక్కటీ రాలేదు. పక్కన నిలబడ్డ మేడం నా ముఖం చూసి, గదే రాయి బేటీ అన్నారు ఆ అమ్మాయితో.

ఆ అమ్మాయికి మేడం వెతికిపెట్టిన ఫెలోషిప్ తప్ప వేరే దారి లేదు. ఊరూరా తిరిగి బావుల నీళ్లు సీసాల్లో పట్టుకురావాలి, వాటిని పరీక్ష చేయించాలి, నల్లగొండలో గది కిరాయి కట్టాలి. రాకపోతే ఊళ్లో ప్రైవేటు బడిలో టీచరుగా చేరతానని ఇంట్లో మాట ఇచ్చి వచ్చింది. పైగా కింది వరుసల్లో ఉన్న షరతు ప్రకారం, రిజిస్ట్రేషన్ అయి రెండేళ్లు దాటినవాళ్లు పెట్టుకోరాదు. ఆమెకు రెండేళ్లు నిండబోతున్నాయి, అదే చివరి అవకాశం.

చివరి రోజు షాపులో కాలు పెట్టే జాగా లేదు. సైటు ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. ప్రతి పత్రమూ స్కాన్ చేసి, వాళ్లు చెప్పిన సైజుకు తగ్గించి ఎక్కించాలి. ఆమె ఆదాయ ధ్రువపత్రం తగ్గడం లేదు. ఒకసారి తగ్గించాను, తీసుకోలేదు. రెండోసారి తగ్గించాను, తీసుకోలేదు. మూడోసారి పిండిన గుడ్డను మళ్లీ పిండినట్టు పిండి ఎక్కించాను, తీసుకుంది. వెనకాల నిలబడ్డ భాగ్యలక్ష్మి, అక్షరాలు కనబడుతున్నయా అన్నా అని అడిగింది. నేను తెరిచి చూడలేదు. మబ్బుల సూర్యుడు కనబడ్డట్టు మంచిగ కనబడుతున్నయి పో అని తల ఊపాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వి, దండం పెట్టి వెళ్లింది.

మొదటి జాబితా వచ్చిన రోజు మేడం ఆఫీసు వేళలో షాపుకు వచ్చారు. అలా ఎప్పుడూ వచ్చేవారు కాదు. తిరస్కరించిన పేర్లలో భాగ్యలక్ష్మి పేరు, పక్కన కారణం: ఆదాయ పత్రం చదవడానికి వీలుగా లేదు. ఆ ఫైలు తెరవమన్నారు. తెరిచాను. చదువు అన్నారు. తెర మీద చీమల పుట్టను ఎవరో తొక్కినట్టు ఉంది. పేరు తెలియడం లేదు, అంకెలు తెలియడం లేదు, ముద్ర ఒక మరక. నేను చదవలేకపోయాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర ఎప్పుడూ జవాబులు ఉండేవి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి వారం గడువు ఉందని, రేపు షాపు మూసి తనతో హైదరాబాద్ రావాలని మాత్రం చెప్పారు. భాగ్యలక్ష్మి కూడా వచ్చింది. బస్సు నార్కట్‌పల్లి దాటాక నేను మెల్లగా, అక్కడ ఆఫీసరును కొంచెం నవ్విస్తే పని తొందరగా అవుతుందేమో అన్నాను. ఇయ్యాల నీ జోకులు ఇంట్ల పెట్టి వచ్చినవనుకో అన్నారు మేడం, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

ఫెలోషిప్పులిచ్చే ఆఫీసులో సెక్షన్ అధికారి తల ఎత్తకుండా, కంప్యూటరు తిరస్కరించింది కాబట్టి చేసేదేమీ లేదన్నాడు. మేడం సంచిలోంచి మార్గదర్శకాలు తీసి, చివరి పేజీ తిప్పి, కింది నుంచి నాలుగో వరుస చూపించారు. తుది జాబితాకు ముందు, గడువులోగా పెట్టిన పత్రానికే స్పష్టమైన నకలు కోరే అధికారం కార్యాలయానికి ఉంది. ఆయన చదివి, నకలు స్పష్టంగా లేకపోవడానికి కారణం ఎవరని అడిగాడు. మేడం నా వైపు చూడలేదు. కానీ ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఎవరో నాకు తెలుసు.

"తప్పు ఆ అమ్మాయిది కాదు సార్, నాది. నేనే తక్కువ సైజు చేసిన. తెరిచి చూడలే. చూసినట్టు తలూపిన" అన్నాను.

ఆయన కరగలేదు, కసరలేదు. రాసి ఇయ్యండి అన్నాడు అంతే. వరండాలో బల్ల మీద మేడం తెల్లకాగితం పెట్టారు. మీరు చెప్పండి, నేను రాస్తాను అన్నాను. లేదు, నువ్వే రాయి అన్నారు. అప్పుడు అర్థమైంది, నేను వేల దరఖాస్తులు నింపాను కానీ, నా పేరుతో, నా మాటలతో ఒక్కటి కూడా రాయలేదని. మొదటి కాగితంలో నన్ను నేను కాపాడుకునే మాటలే ఎక్కువున్నాయి, సైటు మెల్లగా ఉందని, రద్దీ ఉందని. మేడం చదివి, పక్కన పెట్టి, ఇంకో కాగితం ఇచ్చారు. రెండోదాన్ని కూడా పక్కన పెట్టారు. మూడోదాంట్లో నాలుగు వాక్యాలే మిగిలాయి. అది చదివి, సంతకం పెట్టమన్నారు. ఆయన దాని మీదా, భాగ్యలక్ష్మి తెచ్చిన అసలు పత్రం నకలు మీదా అందినట్టు ముద్ర వేస్తుంటే, ఆ చిన్న మనిషి తలుపు పక్కన నిలబడి, బడికి మొదటిరోజు పిల్లను దింపిన తల్లిలా నన్ను చూస్తున్నారు. నేను చూసిన పెద్ద పెద్ద మనుషులెవరూ నాకు ఆ రోజు ఆమెంత పొడుగ్గా కనబడలేదు.

నెల దాటాక తుది జాబితాలో భాగ్యలక్ష్మి పేరు వచ్చింది. ఆ తర్వాత ఆమె మా ఊరి బావి నీళ్లు కూడా సీసాలో పట్టుకెళ్లింది. సీసా మీద అంటించే చీటీలో ఊరి పేరు నా చేతే రాయించింది.

మేడం రిటైరై దేవరకొండ వెళ్లిపోయారు. ఆ అరగంట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పొద్దున్నే కొత్త నోటిఫికేషన్లు వెతికి, కింది వరుసల కింద గీత గీసి, షాపు గోడకు అంటిస్తాను. ఏ పత్రమైనా ఎక్కించాక మళ్లీ తెరిచి, ఆ విద్యార్థి చేతే పైకి చదివిస్తాను. పరిశోధన సంగతి చెప్పమంటాను, అర్థం కాకపోతే కాలేదంటాను. దీనివల్ల పక్క షాపతను మూడు దరఖాస్తులు పంపేలోపు నేను ఒకటి పంపుతాను. గైడ్ సారు కూడా ఇన్ని ప్రశ్నలు అడగడన్నా అని ఒకతను విసుక్కుని వెళ్లిపోయాడు కూడా.

ఈ మధ్య దేవరకొండలో ఒక పెళ్లికి పోయి, ఆమె ఇంటికి వెళ్లాను. ముందు గదిలో కూర్చుని మెంతికూర తుంచుతున్నారు. ఈ గోడు మొత్తం వెళ్లబోసుకున్నాను. "మేడం, నాకు గూడ వయసు మీద పడుతాంది. ఇంకెన్నేండ్లు అర్థం కాలే, అర్థం కాలే అనుకుంట కూసోవాలె? ఇగ జర తలూపి, పిల్లలను ఖుషీగ తోలిస్తే ఏం పోతది?" అన్నాను.

ఆమె తుంచుతున్న కాడ పక్కన పెట్టారు. "తలూపెటోళ్లు వాళ్లకు కాలేజీ లోపల చానమంది దొరుకుతరు శ్రీశైలం. అర్థం కాలే అని చెప్పెటోడు గేటు బయట నువ్వొక్కనివే ఉన్నవ్."