పలచటి గాలిలో ఎనిమిది వందల వోల్టులు

ఫిబ్రవరి రెండో వారం, ఉదయం ఆరు నలభైకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాం. బయట మైనస్ రెండు. మాకు అది చలి కిందికి రాదు. వెళ్లింది ఇద్దరం: మేజర్ సాబ్, సుబేదార్‌గా నేను. యూనిఫాం లేదు, మామూలు కోట్లు. నా సంచిలో మల్టీమీటరు, ఇన్సులేషన్ టెస్టరు, సందులు కొలిచే వెర్నియర్, కాంట్రాక్టు ఫైలు. రైల్లో హానోవర్ చేరి, ఊరి బయటి ఫ్యాక్టరీలో పన్నెండున్నరకు రిపోర్ట్ చేశాం. ఆర్డరు ఒక్కటే. ఐదు రోజుల్లో పన్నెండు కన్వర్టర్లను పరీక్షించాలి. బాగుంటే సంతకం పెట్టాలి. లేకపోతే పెట్టకూడదు.

కన్వర్టర్ అంటే ఏమిటని మా ఇంట్లో అడిగితే ఇలా చెబుతుంటాను. మా సైనిక పోస్టు మంచుకొండల్లో పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున, అంటే దాదాపు ఐదున్నర వేల మీటర్ల మీద ఉంది. జనరేటరు దానికి కిలోమీటరు దిగువన. అంత దూరం తక్కువ వోల్టేజీలో పంపితే కరెంటు చాలావరకు తీగలోనే పోతుంది. అందుకని ఎనిమిది వందల వోల్టుల డీసీ పంపుతాం. పైన ఒక పెట్టె దాన్ని ఇరవై ఎనిమిదికి దించుతుంది. రేడియో, దీపాలు, బ్యాటరీలు అన్నిటికీ ఆ పెట్టే ఆధారం.

అంతకు ముందు చలికాలంలో వేరే కంపెనీ పెట్టె ఒకటి పోస్టులో కాలిపోయింది. నేనప్పుడు కింద బేస్‌లో ఉన్నాను. బ్యాటరీ అడుగంటుతుండగా పైనున్న రేడియో ఆపరేటరు చివరిసారి మాట్లాడాడు.

"పెట్టెలో మెరుపు వచ్చింది. మాడు వాసన. రేడియో ఆగిపోయేలా ఉంది."

"రిపేరు పార్టీ బయలుదేరుతోంది. అందరూ బాగున్నారా?" అని అడిగాను.

జవాబు రాలేదు. మంచు తుఫానులో పైకి చేరడానికి మాకు పదహారు గంటలు పట్టింది. పోస్టులోని ఆరుగురూ బతికే ఉన్నారు. ఒకరికి చలికి మూడు కాలివేళ్లు పోయాయి.

ఫ్యాక్టరీలో మాకు పరీక్షలు చూపించింది కరీంనగర్ అమ్మాయి, స్రవంతి. హానోవర్‌లోనే మాస్టర్స్ చదివి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఇక్కడ చేరి నాలుగు నెలలైంది. నాది శ్రీకాకుళమని తెలిశాక నాతో ఇంగ్లిష్ మానేసింది. మొదటి మూడు రోజులూ హాయిగా గడిచాయి. మైనస్ నలభైలో ఆరు గంటలు ఉంచి స్విచ్ వేశాం. పన్నెండూ లేచాయి. పూర్తి లోడు మీద ఎనిమిది గంటలు నడిపాం. ఒక్కటీ తడబడలేదు. మంచి పనితనమని నేనే ముందుగా అన్నాను.

నాలుగో రోజు ఎత్తు పరీక్ష. బల్ల మీద పెట్టె లేదు. కాగితం ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో కరెంటు ఒక తీగ నుంచి మరో తీగకు సులువుగా దూకుతుంది. దూకదని లెక్కలో తేలిందని, అది చాలని ఫ్యాక్టరీ మేనేజరు అన్నాడు. గాలి తోడే ఛాంబరుకు ఏప్రిల్ దాకా టెర్మిన్, అంటే ఖాళీ సమయం, లేదన్నాడు. మేజర్ సాబ్ నా వైపు చూశారు. లెక్కను నమ్మి సంతకం పెట్టలేమని చెప్పాను.

కాఫీ విరామంలో స్రవంతి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆ లెక్క నేనే చేసిన సార్. బోర్డంతా ఇన్సులేషన్ పూత ఉంటది. గాలికి సందే లేదు."

"తీగలు బిగించిన స్క్రూల మీద కూడా పూతుందేటమ్మా?"

ఆమె లేదన్నట్టు తల ఊపింది. తన ప్రొబేషన్ ఇంకా రెండు నెలలు ఉందని, ఉద్యోగం పోతే వీసాకూ ఇబ్బందేనని నెమ్మదిగా చెప్పింది. నేను బలవంతపెట్టలేదు. పోస్టులో జరిగింది మాత్రం చెప్పాను, కాలివేళ్ల సంగతితో సహా. ఆమె కప్పు పక్కన పెట్టి ఛాంబరు టెక్నీషియన్ దగ్గరికి నేరుగా వెళ్లింది. యాభై దాటిన పెద్దమనిషి. మర్నాడు పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఛాంబరు ఖాళీయేనట. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన ఎవరికీ చెప్పలేదట. మా ముందే ఆమె మేనేజరును అడిగింది. ఆయన కాదనలేకపోయాడు.

ఐదో రోజు పదకొండు ఇరవైకి పెట్టెను లోపల పెట్టి ఛాంబరు తలుపు బిగించారు. స్రవంతి మీటరు దగ్గర, నేను ఛాంబరు కిటికీ అద్దం దగ్గర. టెక్నీషియన్ గాలి తోడుతూ ఎత్తు చదివాడు. మూడు వేల మీటర్లు. నాలుగు వేలు. ఏమీ లేదు. మా పోస్టు ఎత్తు ఇంకా రాకముందే, ఐదు వేల రెండు వందల దగ్గర, రెండు స్క్రూల మధ్య ఊదారంగు పోగు ఒకటి లేచింది. టప్‌మని ఫ్యూజు పోయింది.

మేనేజరు నోరు తెరిచేలోపే స్రవంతి జర్మన్‌లో రెండు ముక్కలు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"తప్పు నాదేనని చెప్పిన సార్. స్క్రూలను లెక్కల వేసుకోలే."

మేనేజరు తలుపు తీయించి పెట్టెను చూశాడు. సరిచేసే పని నీదే, ఎన్ని వారాలు కావాలో రాసివ్వు అన్నాడట. ఆమె అక్కడే పెన్ను తీసింది. మేజర్ సాబ్ ఫైలు మూశారు. పన్నెండు పెట్టెలూ వెనక్కి కొట్టాం. సరిగ్గానే కొట్టామని నాకు ఆ రోజూ అనుమానం లేదు, ఈ రోజూ లేదు.

శనివారం హైదరాబాద్ విమానం ఎక్కి సికింద్రాబాద్‌లో మా యూనిట్‌కు చేరాం. కొత్త పెట్టెలు ఆగస్టులో వచ్చాయి. స్క్రూల మధ్య దూరం రెట్టింపు, నడుమ అడ్డుగోడ. ఛాంబరు రిపోర్టు కింద స్రవంతి సంతకం. ప్రొబేషన్ గట్టెక్కిందని అప్పటికే మెసేజ్ పెట్టింది.

మొదటి పెట్టెను సెప్టెంబరులో నేనే పైకి తీసుకెళ్లాను. రిటైరయ్యే ముందు నా చివరి ఎక్కడం అదే. మధ్యాహ్నం రెండు పదికి స్విచ్ వేశాను. దీపాలన్నీ వెలిగాయి. పోస్టు వంటవాడు స్టవ్ దగ్గర నుంచి లేచి వచ్చాడు. రెండు జతల చేతి తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి తీశాడు. నడుస్తున్న పెట్టె మీద పగిలిన అరచెయ్యి ఆనించి, ఆ వెచ్చదనానికి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి నా కళ్లముందు నుంచి పోలేదు.