నాగలక్ష్మమ్మ ఇంటి సాంబ్రాణి

కోయిలకుంట్ల అంగడి వీధిలో నాగలక్ష్మమ్మ మిరపకాయలు వేయించే దినం కుక్కలు గూడా ఊరిడిచి బనగానపల్లె దావ పడతాయి. అంత ఘాటు. అయినా ఆయమ్మ చేసే శెనక్కాయల పొడి లేకుంటే సగం వీధికి ముద్ద దిగదు. ఇంట్లో గ్యాసు ఉండాది గానీ కట్టెల మంట మీద వేగితేనే పొడికి రుచి అంటాది. ఉన్న ఒక్క కిటికీకి, పొడిలో దుమ్ము పడతాదని అట్టముక్క కొట్టేసింది. గోడలు ఎంత నలుపంటే, అమావాస్య గూడా ఆ ఇంట్లోకి వచ్చే ముందు దీపం అడుగుతాది.

మొగుడు పోయి ఇరవై ఏండ్లు. పిల్లల్లేరు. ఆయమ్మకుండేదల్లా ఎదురింటి శ్రీవాసవి, ఐదేండ్ల పిల్ల. వాళ్ళమ్మ సుందరలక్ష్మి, నాయన తిరుమలయ్య ఇంటి ముందర గాజుల అంగడి చూసుకుంటాంటే, పిల్ల బడి నుంచి వచ్చి పొద్దు గూకేదాకా ఈ అవ్వ కాడనే. కడప రేడియో అన్నా నడుమ నడుమ ఆగుతాది గానీ ఆ పిల్ల నోరు ఆగదు. అవ్వ పొయ్యి ముందర కూచోని ఊఁ కొడతాంటాది.

మూడు నెలల నుంచి ఆ పిల్లకు ముక్కు కారడం, కండ్లెర్రబడి దురద, ఎదలో పిల్లికూతలు. నాగలక్ష్మమ్మ వాము నలిపింది, దిష్టి తీసింది, అహోబిలం పోయి తాయెత్తు తెచ్చింది. ఎద కూసినప్పుడల్లా తలుపేసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పిల్లను ఆ పొగలో కూచోబెట్టింది.

చివరికి అమ్మానాయన నంద్యాలకు తీసుకపోతే, ఆడ డాక్టరు పిల్ల ఎద కంటే ఇంటి సంగతే ఎక్కువ అడిగినాడంట. ఏం పొయ్యి, దోమల చక్రం పెడతారా, పిల్ల యాడ ఎక్కువ సేపు ఉంటాది అని. ఇది ఎలర్జీ, ఇంట్లో పొగా ఘాటూ దాన్ని రేపుతాండాయి, పొగ కాడికి పోనీకూడదు అని చెప్పి, పీల్చే మందు ఇచ్చినాడు.

సుందరలక్ష్మి గడప బయటనే నిలబడి ఆ మాటంతా చెప్పింది. "కొన్ని దినాలు పాపను పంపను పెద్దమ్మా. ఏమనుకోవద్దు."

"నేనేమనుకుంటానే" అనింది నాగలక్ష్మమ్మ.

పదకొండు దినాలు ఆ ఇంట్లో అవ్వా అనే పిలుపు లేదు. ఆయమ్మ రోకలితో మాట్లాడతాండాదని పక్కింటి కృష్ణవేణమ్మ వీధంతా చాటింది. అది ఉత్త అబద్ధం గాదు. దంచుతా దంచుతా ఊఁ కొడతాండె, చెప్పేవాళ్ళు లేకపోయినా.

పన్నెండో దినం చెంగు బిగించింది. పొయ్యిని పెరట్లోకి, ఎండలోకి మార్చింది. మసి గీకితే బస్తాడు రాలింది. సున్నం కొట్టించింది, అట్టముక్క పీకేసింది, దోమల చక్రాలు కాలవలో పారేసింది. సుందరలక్ష్మి వచ్చి, మూలమూలా వాసన చూసి, ఆదివారం సాయంత్రం ఒక గంట పంపుతానని ఒప్పుకునింది.

ఆదివారం ఆయమ్మ ఇల్లు కడిగి, తలకు పోసుకొని, పిల్లకిష్టమని బొరుగులు తాలింపు పెట్టింది. అప్పుడు అనుమానం వచ్చింది. ఇన్ని దినాలకు వస్తాండాది బిడ్డ, ఇంట్లో ఏ చెడుగాలి ఉండాదో ఏమో అని. పొగంటే ఆయమ్మ లెక్కలో కట్టెల పొగ, దోమల చక్రం పొగ. సాంబ్రాణి పొగెట్లయితాది? అది మందు, ఊర్లో నీళ్ళు పోసిన ప్రతి బిడ్డకూ పట్టేది. వృథా పోకుండా కిటికీ, తలుపూ మూసి, పిడికెడు చల్లింది.

పిల్ల ఉరుక్కుంటా వచ్చి అవ్వ నడుము కరుచుకునింది. బడి కబుర్లు మొదలుపెట్టింది. నాలుగో కబురు నడుమ గొంతు కూసింది. తర్వాత మాట రాలేదు.

నాగలక్ష్మమ్మ కేకకు సుందరలక్ష్మి మందు గొట్టం తీసుకొని పరుగున వచ్చింది. పిల్లను వాకిట్లోకి ఎత్తుకొచ్చి పీల్పిచ్చింది. ఊపిరి సర్దుకున్నాక లోపలుండే నిప్పుల పళ్ళెం దిక్కు చూసింది. తిట్టలేదు. తిట్టింటే బాగుండు.

"ఇది గూడా పొగేనా, సుందరా?"

"ఇది గూడా పొగే, పెద్దమ్మా."

ఆ తర్వాత సుందరలక్ష్మి పిల్లను పోవద్దనలేదు, పొమ్మనా లేదు. వారం గడిచినాక పిల్లే ఒక సాయంత్రం వీధి దాటి వచ్చింది. నాగలక్ష్మమ్మ వాకిలికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"లోపలికి వద్దు బంగారూ. మెట్ల మీదనే కూచో."

"నా మీద కోపమా అవ్వా?"

"నీ మీద యాడి కోపం? నా ఇంటి మీద."

పిల్ల పై మెట్టు మీద కూచునింది. అవ్వ కింద మెట్టు చివర, గాలి పిల్ల దిక్కు నుంచి తన దిక్కుకు వీచే చోటు చూసుకొని కూచునింది. కోకలో ఇంకా కారం ఘాటుంటాది గదా. పిల్ల దగ్గరికి జరిగితే తానూ ఇంకొంచెం జరిగింది. ముప్పావుగంట సేపు కబుర్లు చెప్పి, వాళ్ళమ్మ పిలిస్తే పిల్ల పోయింది.

నాగలక్ష్మమ్మ మాత్రం లేయలేదు. చీకటి పడతాండాది, లోపల లైటేసుకోపో పెద్దమ్మా అని తిరుమలయ్య అంగడి నుంచే అరిచినాడు. పోతాలే అనింది. తెల్లగా సున్నం కొట్టిన ఇల్లు ఎనకాల తలుపు తెరుచుకొని ఉండాది. పొగ లేదు, మసి లేదు. అంత శుభ్రమైన ఇంట్లోకి పోవాలంటే ఆయమ్మకు కాలు రాలేదు.